మొప్పల కోటు

నీలిబుగ్గ పార్కు గేటు దగ్గర టికెట్లిచ్చే అమ్మాయి మద్దిలేటిని చూడగానే కుర్చీలోంచి లేచింది.

"తాతా, చక్రాల కుర్చీ తెప్పియ్యమంటావా? బుగ్గ దాకా చానా నడవాల."

మద్దిలేటి గేటు స్తంభానికి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. "నీళ్లల్లోకి..." అన్నాడు. మళ్లీ ఊపిరి. "పోయేటోనికి..." ఇంకో ఊపిరి. "చక్రాలెందుకు తల్లీ."

ఆ కాస్త మాటకే అతని మెడ నరాలు ఉబ్బాయి. వెనకాల క్యారియరు, తువ్వాళ్ల సంచి మోసుకొస్తున్న భార్య తిరుపాలమ్మ ఆ అమ్మాయికి కళ్లతోనే సైగ చేసింది. కుర్చీ వచ్చింది. మద్దిలేటి దాన్ని ఎగాదిగా చూసి, ఆడవాళ్ల మాట కాదనలేక కూర్చుంటున్నట్టు మొహం పెట్టి కూర్చున్నాడు.

బేతంచెర్ల వైపు ఒక నాపరాళ్ల పాలీషు ఫ్యాక్టరీలో అతను ఇరవై ఏడేళ్లు పనిచేశాడు. రాయి అద్దంలా మెరిసేదాకా రుద్దే పని. రాయి నుంచి లేచిన దుమ్ములో సగం గాలిలో కలిసింది, మిగతా సగం అతని ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆరేళ్లుగా అతను మూడు మాటలకు మించి ఒక్క ఊపున మాట్లాడలేదు. అంతకు ముందు అతని నోటికి ఆ వీధంతా జడిసేది.

కూతురు నాగవేణి జీపులోంచి రెండు పెట్టెలు దింపుకొని వాళ్లను కలుసుకుంది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. కర్నూలు పొలిమేరలోని ఒక ప్రయోగశాలలో ఐదేళ్లుగా ఒకే వస్తువు మీద పనిచేస్తోంది. ఆ వస్తువు ఇప్పుడు ఆ పెట్టెల్లో ఉంది.

నీలిబుగ్గ నల్లమల అంచున ఉంది. కొండ అడుగున రెండు బండల మధ్య నుంచి నీళ్లు ఉబికి వచ్చి, పెద్ద గిన్నెలాంటి మడుగులో నిండి, అంచు మీదుగా కాలువై అడవిలోకి పారిపోతాయి. మండు వేసవిలోనూ ఆ ఊట తగ్గదు. రెండు నిలువుల లోతున్నా అడుగున పడిన గులకరాయి మీది చార కూడా కనిపిస్తుంది. ఆదివారం కాబట్టి పొద్దున్నుంచే జనం దిగారు. చెట్ల కింద చాపలు పరిచి ఉగ్గాని పొట్లాలు విప్పుతున్నారు. కింది కాలువలో పిల్లలు ట్యూబులేసుకొని అరుస్తున్నారు. పై మడుగులోకి మాత్రం ఎవరికీ అనుమతి లేదు. అక్కడ నీటికుక్కలు తిరుగుతాయి, తాబేళ్లుంటాయి, వెండిపోగుల్లాంటి పరిగె చేపలు గుంపులు గుంపులుగా ఈదుతుంటాయి. చూసేవాళ్లు చుట్టూ కట్టిన చెక్కబాట మీదనే నిలబడి చూడాలి.

ఆ మడుగుకు కాపలా అంకమ్మ. అటవీశాఖలో బీటు ఆఫీసరు, ఈ అడవిలోనే పుట్టిన చెంచు పిల్ల. మెడలో దుర్భిణి, నడుముకు నోటుబుక్కు. నాగవేణి చేతిలోని అనుమతి కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఒక్క మనిషి. ఒక్క గంట. అడుగు మట్టి కదపగూడదు, దేన్నీ ముట్టగూడదు" అంది. తర్వాత కుర్చీలోని మనిషిని చూసి గొంతు తగ్గించింది. "ఈయనేనా మేడం దిగేది?"

"మా నాయన" అంది నాగవేణి.

పెట్టెలోంచి తీసిన కోటు చూడ్డానికి దూదిపరుపు చొక్కాలా ఉంది. దాని రెండు పక్కలా మడతలు మడతలుగా సంచులు, వాటి నిండా వెంట్రుక కన్నా సన్నని గొట్టాలు. నీళ్లు వాటి పక్కగా జారిపోయేటప్పుడు నీళ్లలో కరిగిన ప్రాణవాయువును ఆ గొట్టాలు పీల్చుకొని మొహానికి పెట్టుకునే తొడుగులోకి పంపుతాయి. చేపకు మొప్పలు చేసే పని ఇదే. కంపెనీ దానికి జలశ్వాస అని పేరు పెట్టింది. మద్దిలేటి మొదటి రోజే మొప్పల కోటు అన్నాడు. నెల తిరగకుండానే ప్రయోగశాలలో కూడా అందరూ ఆ పేరే పిలవసాగారు.

ఇంట్లో అతనికి ఆక్సిజన్ మిషను లేక కాదు. కానీ మిషను ఎంత గాలి ఇచ్చినా, ఆ గాలిని లోపలికి లాగి బయటికి తోసే చాకిరీ రాయిలా బిగుసుకుపోయిన ఛాతీదే. ఈ కోటు ఆ చాకిరీ కూడా తానే చేస్తుంది, నెమ్మదిగా లోపలికి తోస్తుంది, నెమ్మదిగా బయటికి లాగుతుంది. దానికి కావలసిన ఊపును పారే నీళ్ల నుంచే తీసుకుంటుంది. పైగా నీళ్లలో ఒంటి బరువు ఉండదు.

మద్దిలేటి కోటు వేసుకొని, మైకున్న తొడుగు మొహానికి పెట్టుకొని మెట్లు దిగాడు. నడుం మునిగింది, భుజాలు మునిగాయి, నెత్తి మునిగింది. చెక్కబాట మీద తిరుపాలమ్మ పక్కన పెట్టిన స్పీకరులో కాసేపు బుడబుడమన్న చప్పుడు. ఆ తర్వాత పొడుగాటి ఊపిరి ఒకటి వినిపించింది. అంత పొడుగాటి ఊపిరి ఆ ఇంట్లో ఎవరూ విని ఎన్నాళ్లయిందో.

"ఏమే తిరుపాలూ, వినపడతాందా, ఈడొక తాబేలు నా మొగానికి ఎదురుగా నిలబడి అచ్చం మీ పెద్దన్న మాదిరే చూస్తాంది, కదల్దు మెదల్దు, పెండ్లిలో రెండో పంక్తికి కాచుకున్నోని మాదిరి ఒకటే చూపు, దాని వెనక పరిగెలు చూడు, వంద ఉంటాయో వెయ్యి ఉంటాయో, అన్నీ ఒకేసారి ఇట్ల తిరిగి ఒకేసారి అట్ల తిరుగుతాయి, వాటికి మేస్త్రీ ఎవరో ఏమో."

తిరుపాలమ్మ చేతిలోని తువ్వాలు జారిపోయింది. నాగవేణి మీటరు చూస్తున్నట్టు తల వంచుకుంది.

"వినపడతాందా అంటే పలకవేమే?"

"వినపడతాందిలే" అంది తిరుపాలమ్మ. తువ్వాలు తీసి దులిపింది. "మా పెద్దన్న జోలికి పోవద్దు నువ్వు."

"పోతా. ఆరేండ్ల నుంచి అడగాలనుకుంటాండా. నా నీలం సైకిలు మీ చిన్నతమ్మునికి ఎందుకిచ్చినావు, నన్నొక మాట అడిగినావా?"

"తొక్కేదానికి నీకు ఊపిరి యాడుండె?"

"ఊపిరి లేకుంటే సైకిలు నాది కాకుండా పోతదా?"

అలా మొదలైన పోట్లాట నలభై నిమిషాలు సాగింది. చెక్కబాట మీద జనం మూగారు. కొందరు మద్దిలేటి పక్షం, కొందరు తిరుపాలమ్మ పక్షం చేరారు. అంకమ్మ వాళ్లను చప్పుడు చేయొద్దని కసురుతూనే తనూ నవ్వింది. మధ్యలో నీటికుక్క ఒకటి మద్దిలేటి చుట్టూ రెండు చుట్లు తిరిగి పోయింది.

దిగేముందు నాగవేణి మీటరులో నీళ్లలోని ప్రాణవాయువు లీటరుకు ఐదున్నర మిల్లీగ్రాములు ఉంది. అతను పైకి వచ్చేసరికి ఐదుకు చేరింది. ఒక్క మనిషికి అర తగ్గితే పది మందికి ఎంత తగ్గుతుందో లెక్క కట్టడానికి కాగితం కూడా అక్కర్లేదు. ఆమె ఆ అంకెను రాసుకుంది గాని లెక్క కట్టలేదు. ఆ నలభై నిమిషాలూ ఆమె చెవులు తండ్రి గొంతు మీదే ఉన్నాయి.

మెట్లెక్కగానే మద్దిలేటికి ఒంటి బరువంతా తిరిగి వచ్చింది. కుర్చీలో కూలబడి, చాలాసేపు రొప్పి, కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"మళ్లీ... ఎప్పుడు... పాపా?"

ఆ వారమంతా ఇల్లు పెళ్లివారి ఇల్లులా ఉంది. మద్దిలేటి ఒక పెన్సిలు, పాత కేలండరు కాగితం ముందేసుకొని, నీళ్లలో మాట్లాడవలసిన సంగతులు ఒక్కో మాటగా రాసుకోసాగాడు. 'బావి గొడవ.' 'రెండో పెండ్లిచూపులు.' 'హుస్సేనప్ప మేక.' అతను నిద్రపోయేటప్పుడు తిరుపాలమ్మ కళ్లద్దాలు పెట్టుకొని ఆ కాగితం చదివేది. చదివి, వంటింట్లో గిన్నెలు తోముతూ జవాబులు సిద్ధం చేసుకునేది. కూతురు చూస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు సబ్బు నురగలోకి చూసేది.

ప్రయోగశాలలో పెద్ద ఫణీంద్ర. మద్దిలేటి నీళ్లలో పోట్లాడిన వీడియో ఆయన మూడుసార్లు చూశాడు.

"నాగవేణిగారూ, ఇంకేం కావాలి మనకు? పై నెల నీలిబుగ్గలో జనానికి నీటి విహారం ప్రారంభం. ఒకేసారి ఇరవై నాలుగు మొప్పల కోట్లు దింపుదాం. ఆ మడుగులో చేపల మధ్య గంటసేపు తిరిగి రావడమంటే జనం ఎగబడతారు. అటవీశాఖ అనుమతి కూడా వచ్చింది, గురువారం పన్నెండు మందితో ఒకసారి దిగి చూద్దాం."

"మా నాయనను కూడా తీసుకురానా సార్?"

"ఆయన లేకుండా ఎలా? ఆయనే మనకు పెద్ద."

గురువారం పార్కులో జనం పలచగా ఉన్నారు. పన్నెండు కోట్లూ మెట్ల మీద వరసగా పరిచారు. ప్రయోగశాల కుర్రకారు పదకొండు మంది, మద్దిలేటి. అందరూ దిగారు. స్పీకరులో కేకలు, నవ్వులు. వాటన్నిటి మీదా మద్దిలేటి గొంతు. రెండో పెండ్లిచూపుల సంగతి అప్పుడే ఎత్తుకున్నాడు. తిరుపాలమ్మ తయారు చేసుకొచ్చిన జవాబుల్లో మొదటిది వదిలింది. ఇరవై నిమిషాలు అలా గడిచాయి.

అంకమ్మ దుర్భిణి దించి, అవతలి ఒడ్డుకు నడిచి, మోకాళ్ల మీద కూర్చొని నీళ్లను దగ్గరగా చూసింది. అక్కడి నుంచే నాగవేణిని మెల్లగా పిలిచింది.

"మేడం. ఒకసారి ఇట్ల రండి."

మడుగు అంచున నీళ్ల మీద వాన చినుకులు పడుతున్నట్టు చిన్న చిన్న వలయాలు. వాన లేదు. పరిగెలన్నీ పైకి తేలి, మూతులు నీళ్ల పైకి పెట్టి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. రాతి సందుల్లో ఉండే చిన్న పీతలు బండల మీదికి పాకి వచ్చాయి.

"కొర్రమీను అయితే గాలి కోసం పైకి వస్తాది. దాని బతుకే అంత. పరిగె రాదు" అంది అంకమ్మ. "నేను పుట్టి బుద్ధెరిగి పరిగె ఇట్ల రావడం చూడలే."

నాగవేణి మీటరు నీళ్లలో ముంచింది. రెండు కన్నా తక్కువ.

అప్పుడు ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. బుగ్గ నీళ్లు ఏళ్ల తరబడి భూమి లోపల, గాలి తగలని చోట ఉండి వస్తాయి. అద్దంలా ఉన్నా వాటిలో ప్రాణవాయువు తక్కువ. ఆ కొంచెంతోనే ఈ మడుగు బతుకుతోంది. పన్నెండు కోట్లు కలిసి దాన్ని తాగేస్తున్నాయి.

ఆమె మైకు అందుకుంది. "అందరూ పైకి రండి. ఇప్పుడే."

పదకొండు తలలు పైకి లేచాయి. స్పీకరులో తండ్రి గొంతు ఒక్కటే మిగిలింది.

"ఇంకా అర్ధగంట ఉంది కదా పాపా, మీ అమ్మ ఇప్పుడే నోరు తెరిచింది, నన్ను ఓడగొట్టినా అనుకుంటాది, ఒక్క పది నిమిషాలు ఉండనీ, నేను ఎవరికీ అడ్డం రాను, ఈ మూలన ఉంటా."

నాగవేణి మైకు పట్టుకొని నిలబడింది. తిరుపాలమ్మ ఆమె మొహం చూసి ఏదో జరిగిందని గ్రహించింది.

"నాయనా" అంది నాగవేణి చివరికి. "చేపలకు ఊపిరాడటం లేదు. మనమే తాగేస్తున్నాం."

స్పీకరులో మాట ఆగిపోయింది. మద్దిలేటి పైకి వచ్చాడు. తొడుగు తానే ఊడదీసుకొని మెట్టు మీద కూర్చున్నాడు. అతని మోకాళ్ల ముందే పరిగెలు నోళ్లు తెరుస్తున్నాయి. ఆ నోళ్లు అతనికి తెలుసు. రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసే నోరే అది. వాటిని చూస్తూ ఉండిపోయాడు. కూతురు తువ్వాలు కప్పినా కదల్లేదు.

గంట గడిచేసరికి ఊట తన పని తాను చేసుకుంది. మీటరు మూడు దాటింది, నాలుగు దాటింది. పరిగెలు ఒక్కొక్కటే అడుక్కి దిగాయి. ఇరవై మూడు దిగలేదు. అంకమ్మ వాటిని మోదుగాకులో ఏరి, లెక్క రాసుకొని, నాగవేణికి చూపించింది.

తిరుగు ప్రయాణంలో జీపులో తిరుపాలమ్మే మొదలుపెట్టింది.

"ఆరేండ్ల తర్వాత నా మొగుడు నాతో పోట్లాడినాడు. దాన్ని పరిగెల కోసం ఆపుతావా నువ్వు?"

"అమ్మా..."

"ఇన్ని చదువులు చదివినావే. నీళ్లకు ఇంత గాలి కొట్టే ఉపాయం లేదా నీ తాన?"

మద్దిలేటి చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "రాయి... నా గాలి తినె." కిటికీ వైపు తిరిగి ఊపిరి కూడదీసుకున్నాడు. "నేను... వాటిది తినను." జేబులోని కేలండరు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, భార్య చేతిలో పెట్టాడు. "ఇంక... రాను."

మర్నాడు ఫణీంద్ర కూడా గాలి కొట్టడం గురించే అడిగాడు. మడుగు అడుగున గాలిపంపులు పెడితే? నాగవేణి లెక్క వేసి చూపించింది. ఇరవై నాలుగు మందికి సరిపడా గాలి కొట్టాలంటే రైసుమిల్లంత చప్పుడు. అడుగు మట్టి లేచి నీళ్లు బురదవుతాయి. నీటికుక్కలు ఆ చుట్టుపక్కల ఉండవు. జనం చూడ్డానికి వచ్చేది ఏదో, అదే ఉండదు.

ఫణీంద్ర ఆమె రాసిన నివేదికను బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "ఇది పైకి పంపితే విహారం కోటు కథ ముగిసినట్టే. మీ బృందంలో సగం మందిని వేరే పనికి మారుస్తారు. ఐదేళ్లండీ."

"తెలుసు సార్."

"మీ నాన్నగారు?"

నాగవేణి నివేదికను మళ్లీ ఆయన ముందుకు జరిపింది. ఫణీంద్ర కలం తీసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం ఆమె బల్ల పక్కన ఎప్పుడూ కూర్చునే ముగ్గురు కుర్రవాళ్లు తమ కప్పులు, కుండీలు సర్దుకొని పై అంతస్తుకు వెళ్లారు.

పది రోజుల తర్వాత అంకమ్మ ఫోను చేసింది. ఈసారి మేడం అనలేదు.

"అక్కా, ఆ మీటరు తీసుకొని ఒకసారి వస్తావా? ఏడుమెట్ల కాడికి. పై బుగ్గ కాదు."

బుగ్గ కాలువ అడవిలో అర మైలు పారి, ఏడు బండల మీదుగా మెట్లు దిగినట్టు దూకుతుంది. రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. అక్కడికి జనం రారు. చూడ్డానికి ఏమీ లేదు, నురగ, హోరు తప్ప.

"మొన్నటి నుంచి నీటికుక్కలు ఈడనే వేట" అంది అంకమ్మ, హోరులో వినపడేలా ఆమె చెవి దగ్గరికి వచ్చి. "పరిగెలు కూడా చానా వరకు ఇక్కడికే దిగినాయి. ఎందుకు దిగినాయో నీ మీటరును అడుగుదామని."

నాగవేణి నురగలో మీటరు ముంచింది. ఎనిమిదికి పైన. ఇంకో చోట ముంచింది. అంతే. దూకే ప్రతి బొట్టూ గాలిని వెంటేసుకొని పడుతోంది. ఆమె బూట్లు విప్పి, వెంట తెచ్చిన కోటు తొడుక్కొని, తనే దిగింది. నీళ్లు ఆమెను బంతిలా అటూ ఇటూ విసిరాయి. కంటి ముందు చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కనపడలేదు. అర్ధగంట తర్వాత మోచేతులు గీరుకుపోయి, జుట్టు నిండా ఆకులతో బయటికి వచ్చింది. మీటరు పట్టుకున్న అంకమ్మ వేళ్లతో చూపించింది. ఎనిమిది. కదల్లేదు.

ఇద్దరూ బండ మీద కూర్చొని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

ఫణీంద్రకు ఆ చోటు చూపిస్తే ఆయన గొడుగు పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. తుంపరలకు కళ్లద్దాలు మసకబారాయి. "ఇక్కడ ఏం కనిపిస్తుందండీ? నురగ చూడ్డానికి ఎవరొస్తారు?"

"చూడ్డానికి రారు సార్. ఊపిరి తీసుకోవడానికి వస్తారు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. విహారం కోట్లలో నాలుగింటిని ఒక ఛాతీ ఆసుపత్రి పరీక్షలకు ఇప్పించడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. డాక్టర్లు వచ్చి చూశారు. నీళ్లలో పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు బిగించారు. అటవీశాఖ షరతులు అంకమ్మే రాసింది. ఒకేసారి రెండు కోట్లు, అంతకు మించి ఒక్కటి కూడా కాదు. పార్కు మూసి ఉండే మంగళవారం మాత్రమే.

అన్నీ కుదిరాయి, మద్దిలేటి తప్ప. అతను రానన్నాడు. కూతురు అంకెలు చెబితే విన్నాడు, తల ఊపాడు, రానన్నాడు. చివరికి అంకమ్మ స్కూటీ మీద కర్నూలు వచ్చి, అతని ముందు మఠం వేసుకొని కూర్చుంది.

"చిన్నాయనా, నువ్వు ఫ్యాక్టరీలో రాయి మందం ఇంకొకరు చెబితే ఒప్పుకునేటోనివా?"

మద్దిలేటి కాదన్నట్టు తల ఊపాడు.

"మరి ఈడ కూడా నువ్వే కొలిచి చూడు."

అలా ఒక మంగళవారం పొద్దున మద్దిలేటి ఏడుమెట్ల దగ్గర బండ మీద కూర్చొని మీటరు ఒళ్లో పెట్టుకున్నాడు. నీళ్లలో రెండు కోట్లు. ఒకటి నాగవేణి, ఒకటి ఆసుపత్రి డాక్టరు. అతను కన్నార్పకుండా అంకెను చూశాడు. మధ్య మధ్యలో తీగను తీసి వేరే చోట వేసి చూశాడు. బండ వార నీళ్లు కాస్త నిలకడగా ఉన్న చోట పరిగెలు అడుగునే తిరుగుతున్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. ముప్పావుగంట గడిచింది. మద్దిలేటి మీటరును అంకమ్మ చేతికిచ్చి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

నీళ్లలోకి దిగాక అతను చెప్పిన మొదటి మాట ఏమిటో ఎవరికీ తెలియదు. హోరులో స్పీకరు గరగరమంది తప్ప మాట తెలియలేదు. తిరుపాలమ్మ స్పీకరును చరిచింది, చెవికి ఆనించుకుంది. "ఏమంటాన్నావయ్యా?" అని అరిచింది. మళ్లీ గరగర. ఇక ఓపిక పట్టలేక చీర కుచ్చిళ్లు దోపుకొని, కడ్డీ పట్టుకొని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. నురగలోంచి ఒక చెయ్యి లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. తొడుగు పెట్టుకున్న మొహం ఆమె చెవి దగ్గరికి వచ్చింది. చాలాసేపు ఏదో చెప్పింది. ఆమె నవ్వుతూ ఒడ్డుకు వచ్చింది. నాగవేణి అడిగితే, "మా ఇద్దరి సంగతి. నీకెందుకు?" అంది.

వారం తిరిగేసరికి నాగవేణి చెవిలో పెట్టుకునే చిన్న వినికిడి బిళ్లలు తయారుచేసింది. వాటిలో హోరు తగ్గి మాట వినిపిస్తుంది, ఒడ్డున చెప్పిన మాటా నీళ్లలోకి చేరుతుంది.

ఆ తర్వాతి మంగళవారం బేతంచెర్ల నుంచి ఒక వ్యాను వచ్చింది. అందులోంచి తొమ్మిది మంది దిగారు. అందరూ మద్దిలేటి ఈడువాళ్లే, అందరివీ అవే భుజాలు, అవే మెడ నరాలు. రెండు కోట్లు, తొమ్మిది మంది, ఒక్కొక్కరికి ముప్పై నిమిషాలు. ముందు ఎలా దిగాలో చూపించడానికి మద్దిలేటి దిగాడు. ఒడ్డున వరసగా కూర్చున్నవాళ్లను అతను నురగలోంచి చూసినట్టున్నాడు. పదిహేను నిమిషాలకే పైకి వచ్చాడు.

"ఇంకా టైముంది నాయనా" అంది నాగవేణి.

అతను చెయ్యి ఊపాడు. వరసలో మొదట కూర్చున్నవాడు హుస్సేనప్ప, ఇరవై ఏళ్లు పక్క మిషను మీద పనిచేసినవాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మద్దిలేటి కోటు విప్పి తన చేతులతోనే అతనికి తొడిగాడు. పట్టీలు బిగించాడు. తొడుగు సరిచూశాడు.

"జడుసుకోవద్దు..." అన్నాడు. "అదే... తీస్తాది... ఊపిరి. నువ్వు... ఊరికె... ఉండు."

హుస్సేనప్ప కడ్డీ పట్టుకొని మెల్లగా నురగలోకి దిగిపోయాడు. అతని భార్య మాబున్ని ఒడ్డున బండ మీద కూర్చొని ఉంది. సన్నటి మనిషి. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. తిరుపాలమ్మ దగ్గరికి వెళ్లి ఆమె చెవిలో వినికిడి బిళ్ల పెట్టింది. ఇంకొకటి తను పెట్టుకుంది. నాగవేణీ పెట్టుకుంది.

మొదట నీళ్ల చప్పుడు. తర్వాత భయంభయంగా ఒక చిన్న ఊపిరి. ఇంకొకటి, కాస్త పెద్దది. ఆ తర్వాత ఒక పొడుగాటి ఊపిరి లోపలికి పోయింది, పోయింది, ఎంతకీ ఆగలేదు. అది బయటికి వచ్చేదాకా ఒడ్డున ముగ్గురు ఆడవాళ్లూ తమ ఊపిరి బిగపట్టుకొని ఉన్నారు.

"ఏమే మాబూ" అంది హుస్సేనప్ప గొంతు, ఎక్కడా తెగకుండా, ఎక్కడా ఆగకుండా. "వచ్చేటప్పుడు వాకిలికి బీగం వేసినావా లేదా, వేసి ఒకసారి లాగి చూసినావా, పోయిన ఏడు ఉరుసుకు పోయినప్పుడు కూడా ఇట్లనే వేసినా వేసినా అంటివి, వచ్చి చూస్తే బార్లా తెరిచి ఉండె, గుర్తుందా?"

మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది. నడుం సవరించుకొని, నురగ వైపు తిరిగి కూర్చొని, జవాబు చెప్పడం మొదలుపెట్టింది.